చూడవచ్చేవాళ్ళూ ఒక పంటే
భూమి అమ్మకుండా పొందే ఆదాయం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం సన్నకారు రైతులకు కొన్ని సూచనలు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మన రెండు జిల్లాల్లో గుళ్ళు, కొండలు, సముద్రపు ఒడ్డు, పక్షులు ఉన్న ఊళ్ళ సంగతీ అలాగే ఉంది. "మా ఊళ్ళో ఏటుంది బాబూ చూడ్డానికి?" అని రైతే అడుగుతాడు. ఆ ఊరు చూడ్డానికే విశాఖపట్నం నుంచీ, ఒడిశా నుంచీ కార్లూ బస్సులూ కట్టుకుని జనం వస్తున్నారు. వచ్చి ఓ పూట ఉండి, ఎక్కడో కొన్న నీళ్ళ సీసా తాగి, ఎక్కడో తయారైన చిప్స్ తిని, ఖాళీ ప్లాస్టిక్ మన గట్టు మీద పారేసి పోతున్నారు. వాళ్ళు ఖర్చు పెట్టిన సొమ్ములో మన చేతికి వచ్చేది ఎంత? చాలా ఊళ్ళలో ఏమీ లేదు.

ఎకరం, రెండెకరాలున్న రైతుకి ఒక్క వరి మీద ఇల్లు గడవడం కష్టం. అందుకే మన పిల్లలు హైదరాబాదు, చెన్నై వలస పోతున్నారు. అలాంటప్పుడు మన గట్టు దాకా నడిచొచ్చే కొనుగోలుదారుని వదులుకోవడం తెలివైన పని కాదు. అలాగని పొలం వదిలేసి హోటలు పెట్టమని చెప్పడం లేదు. సేద్యం సేద్యమే. దాని పక్కన, పెద్ద పెట్టుబడి లేకుండా, భూమి అమ్ముకోకుండా, వచ్చేవాళ్ళ వల్ల నాలుగు రూపాయలు ఎలా సంపాదించాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నదే ఈ వ్యాసం.

మన దగ్గర ఏమున్నాయి?

ముందుగా మీ ఊరు ఏ దారిలో ఉందో చూసుకోండి. శ్రీకాకుళం పట్టణం పక్కనే అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి ఉంది. మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులపాటు ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. అది చూడ్డానికీ, రథసప్తమికీ జనం విరగబడి వస్తారు. అక్కడికి దగ్గర్లోనే గార మండలంలో శ్రీకూర్మం. ఆ మండలంలోనే వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ స్థలాన్ని వెలుగులోకి తెచ్చారు. శాలి అంటే వరి. ఒకప్పుడు ఇక్కడ ధాన్యం నిల్వ చేసేవారనీ, ఆ పేరు అలాగే వచ్చిందనీ చెబుతారు. శాలిహుండం దాటితే వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీరం, దీపస్తంభం.

జలుమూరు మండలం శ్రీముఖలింగంలో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలున్నాయి. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఉత్తరంగా వెళ్తే టెక్కలి మండలంలో తేలినీలాపురం, ఇచ్ఛాపురం మండలంలో తేలుకుంచి పక్షులకు పేరుపడ్డ ఊళ్ళు. మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువ, చుట్టూ ఉద్దానం కొబ్బరి, జీడితోటలు, మందస వాసుదేవ పెరుమాళ్ళ గుడి కూడా అటువైపే.

విజయనగరం జిల్లాలో రాజావారి కోట, గురజాడ అప్పారావు గారి ఇల్లు, పైడితల్లి అమ్మవారి గుడి పట్టణంలోనే ఉన్నాయి. నెల్లిమర్ల మండలంలో రామతీర్థం. కింద రాముడి గుడి, పక్కన గురుభక్తకొండ, బోడికొండల మీద బౌద్ధ, జైన శిథిలాలు. గంట్యాడ మండలంలో గోస్తనీ నది మీద తాటిపూడి జలాశయం, శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరి, పూసపాటిరేగ మండలంలో చింతపల్లి తీరం ఉన్నాయి. వంగర మండలం సంగాంలో నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. బొబ్బిలిలో కోట, దగ్గర్లో గొల్లపల్లి వీణల తయారీ.

ఈ జాబితాలో మీ ఊరి పేరు లేకపోయినా ఫరవాలేదు. వీటికి వెళ్ళే రోడ్డు పక్కన మీ పొలం ఉన్నా చాలు.

ఎప్పుడు ఎవరు వస్తారు?

వానని బట్టి విత్తనం వేసినట్టే, వచ్చేవాళ్ళని బట్టి సరుకు సిద్ధం చేసుకోవాలి. అదృష్టం ఏమిటంటే, ఉబాలు ముమ్మరంగా సాగే జూలై, ఆగస్టు నెలల్లో జనం తక్కువ. మన చేతులు ఖాళీగా ఉండే రోజుల్లోనే వాళ్ళ రాక ఎక్కువ.

కార్తీక మాసంలో వనభోజనాలు. ఆదివారం వస్తే ఏ తోపు చూసినా జనమే. ఆ తరవాత సంక్రాంతికి ఊరి పిల్లలు కుటుంబాలతో వస్తారు. కనుమనాడు నదీ తీరాలు నిండిపోతాయి. రథసప్తమికి అరసవల్లి, శివరాత్రికి శ్రీముఖలింగం, సంగాం, పుణ్యగిరి. శ్రీరామనవమికి రామతీర్థం. ఏప్రిల్, మే నెలల్లో బడులకు సెలవులు కాబట్టి సముద్రపు ఒడ్డుకి వస్తారు. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం విజయనగరంలో సిరిమానోత్సవం. తేలినీలాపురంలో పక్షులు సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. తేలుకుంచిలో కొంగలు వానాకాలం మొదట్లో వచ్చి చలికాలం ముదిరే లోపు వెళ్ళిపోతాయి.

ఓ క్యాలెండరు తీసుకుని మీ ఊరికి దగ్గర్లో జరిగే ఈ రోజులన్నీ ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి. ఏడాదికి ఓ ముప్ఫై, నలభై రోజులు తేలతాయి. మన రాబడి అంతా ఆ రోజుల్లోనే. మిగతా రోజుల్లో దుకాణం తెరుచుకు కూర్చుంటే కూలి కూడా గిట్టదు. సరుకు కుళ్ళిపోయి నష్టం.

ఏం అమ్మాలి?

పట్నంలో దొరికేది ఇక్కడ అమ్మకండి. కూల్‌డ్రింకు మీ దగ్గర కొన్నా, బజార్లో కొన్నా ఒకటే. అందులో మీకు మిగిలేది నామమాత్రం. మీ పొలంలో పండింది, మీ ఆడవాళ్ళ చేతిలో తయారైంది అమ్మితే మొత్తం మీదే.

తాటిచెట్టు చూడండి. వేసవిలో ముంజెలు, చలికాలంలో తేగలు. తాటిపళ్ళు రాలే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో టెంకలు ఏరి, వదులు మట్టిలో పాతర వేస్తే మూడు నాలుగు నెలల్లో తేగలు తయారు. సంక్రాంతి, రథసప్తమి రోజులకి సరిగ్గా అందుతాయి. టెంకకి పెట్టుబడి లేదు, పాతరకి రెండు సెంట్ల జాగా చాలు. కుండలో కాల్చిన తేగలు కట్ట కట్టి అమ్మితే పట్నం పిల్లలు వింతగా చూసి కొంటారు.

జీడి సంగతి ఉద్దానం రైతులకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తోటలన్నీ పెకలించిన తరవాత, ఉన్న కాపుకి నాలుగు రూపాయలు ఎక్కువ రాబట్టుకోవడం ఇంకా అవసరమైంది. 80 కిలోల బస్తా పిక్కలు కొడితే సుమారు 20 కిలోల పప్పు వస్తుంది. పిక్కలుగా దళారికి అమ్మితే ఎంత, కొట్టుడు కూలి పోను పప్పుగా పాకెట్లు కట్టి అమ్మితే ఎంత, మీరే ఓసారి లెక్క వేసి చూడండి. బస్తాలన్నీ కాదు, రెండు మూడు బస్తాలు మాత్రం ఇలా ఉంచుకోండి. పిక్క తొక్కలోని నూనె చర్మం మీద పడితే పుండు పడుతుంది. కాబట్టి ఇంట్లో కాల్చే ప్రయత్నం చేయకండి. పలాస, కాశీబుగ్గ ప్రాంతంలో పరిశ్రమలున్నాయి, అక్కడ కూలికి కొట్టించుకుని తెచ్చుకోండి. పాకెట్టు మీద ఊరి పేరు, తూకం, పాకెట్టు కట్టిన తేదీ తప్పక రాయండి.

చోడి మన తిండి. ఒకప్పుడు పేదవాడి తిండి అని చిన్నచూపు చూసేవాళ్ళు, ఇప్పుడు షుగరు వచ్చినవాళ్ళంతా దాని కోసం వెతుకుతున్నారు. వేగావతి, ఇంద్రావతి, తెల్లగింజ హిమ లాంటి చోడి రకాలు విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చినవే. వేసవిలో మజ్జిగ కలిపిన చోడి అంబలి, పక్కన పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ. మట్టి గ్లాసులో పోసి ఇస్తే ఖర్చు తక్కువ, గిట్టుబాటు ఎక్కువ. వెళ్ళేటప్పుడు చోడిపిండి కిలో, అరకిలో పొట్లాలు కూడా కొనుక్కెళతారు.

వీటికి తోడు కొబ్బరిబొండాలు, పనసతొనలు, సువర్ణరేఖ మామిడి, కొత్త బెల్లం, నువ్వుండలు. మందస కోవాకి ఉన్న పేరు అందరికీ తెలుసు. పాడి ఉన్నవాళ్ళు దాన్నుంచి పాఠం నేర్చుకోవచ్చు. పాలు అమ్మితే ఒక ధర, అదే పాలని ఊరి పేరున్న తినుబండారంగా మారిస్తే ఇంకో ధర.

తిండి పదార్థం అమ్మేటప్పుడు ఆహార భద్రత నమోదు చేయించుకోవాలి. చిన్న వ్యాపారులకి పెద్ద లైసెన్సు అక్కర్లేదు, సాదా నమోదు సరిపోతుంది. మీసేవ లేదా సచివాలయంలో అడిగితే దారి చెబుతారు. మహిళా సంఘం పేరు మీద ఒక్కటే నమోదు చేయించుకుని పది ఇళ్ళ సరుకు ఒకే బడ్డీలో అమ్మడం ఇంకా మేలు. ఎవరి పొలం పని రోజున వాళ్ళు తప్పుకోవచ్చు, బడ్డీ మూతపడదు.

తోపు నీడకీ ధర ఉంది

మామిడితోపు ఉన్న రైతుకి కాపు లేని నెలల్లో రాబడి ఉండదు. అదే తోపు కార్తీక మాసంలో నాలుగు ఆదివారాలు వనభోజనాలకి ఇస్తే ఎరువుల ఖర్చయినా వస్తుంది. ఆఫీసుల వాళ్ళు, కుల సంఘాల వాళ్ళు, బడుల వాళ్ళు నెల ముందే తోపు కోసం తిరుగుతారు. వాళ్ళు అడిగేవి ఎక్కువేమీ కావు. శుభ్రంగా ఊడ్చిన నేల, మంచినీళ్ళు, ఆడవాళ్ళకి మరుగుదొడ్డి, బండ్లు పెట్టుకోడానికి జాగా, పొయ్యికి కట్టెలు.

కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోజనం చేయడం ఆచారం కదా. మీ తోపులో ఉసిరి లేకపోతే ఈ ఏడే రెండు మూడు అంటు మొక్కలు నాటండి. మెట్ట నేలలో కూడా బతుకుతుంది, మూడు నాలుగేళ్ళలో కాపుకొస్తుంది. కాయా మీదే, చెట్టు కింద అద్దే మీదే.

అద్దె మాట్లాడేటప్పుడే నాలుగు షరతులు తేల్చుకోండి. పొయ్యి చెట్టు మొదట్లో కాకుండా మీరు చూపిన చోటే పెట్టాలి. వేడికి వేళ్ళు, బెరడు మాడితే చెట్టు దెబ్బతింటుంది. కొమ్మలు విరవకూడదు. ప్లాస్టిక్ అంతా గోనెసంచిలో వేసి వెళ్ళాలి. కొంత సొమ్ము ముందే తీసుకుని, తోపు శుభ్రంగా ఉంటేనే తిరిగి ఇస్తామనండి. విస్తరాకులు మోదుగవో, అరటివో మీరే అమ్మితే అదో రాబడి, తరవాత అవే ఎరువు గోతిలోకి పోతాయి. ప్లాస్టిక్ పళ్ళెం మాత్రం రానివ్వకండి. అన్నం వాసనకి ఆవులు సంచులతో సహా మింగేస్తాయి. కడుపులో అడ్డుపడి పాడి పశువు చచ్చిపోతే నాలుగు ఆదివారాల అద్దె ఏ మూలకి?

ఇంట్లో గది ఇవ్వొచ్చా?

రాత్రి ఉండేవాళ్ళ వల్ల రాబడి ఎక్కువ, బాధ్యతా ఎక్కువే. కేంద్ర పర్యాటక శాఖ పథకం ప్రకారం యజమాని కుటుంబం ఉంటున్న ఇంట్లోనే ఒకటి నుంచి ఆరు గదుల వరకు అతిథులకి ఇవ్వొచ్చు. మన రాష్ట్రంలో 2024 డిసెంబరులో వచ్చిన పర్యాటక విధానం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఇంటి బసల నమోదు వివరాలు జిల్లా పర్యాటక అధికారి కార్యాలయంలో తెలుస్తాయి.

అయితే అప్పు చేసి కొత్త గదులు కట్టకండి. ఉన్న ఇంట్లో ఒక గది, శుభ్రమైన మంచం, పక్కదుప్పటి, మంచి మరుగుదొడ్డి ఉంటే ఒక ఏడు నడిపి చూడండి. వచ్చేవాళ్ళ పేరు, ఊరు, గుర్తింపు కార్డు వివరాలు పుస్తకంలో రాసుకోండి. నాగలి, కల్లం, పాలు తీయడం, చేపల వల లాంటి మనకి మామూలైన పనులే వాళ్ళకి వింత. వాటిని చూపడానికి ఖర్చేమీ లేదు.

ఇది గాలిమాట కాదు. మహారాష్ట్రలో 2005 నుంచి బారామతి ప్రాంతంలో రైతులు ఇలా పొలాలు చూపించి సంపాదిస్తున్నారు. ఆ రాష్ట్రం 2020లో దీనికోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. ఇటలీ దేశం 1985లోనే చట్టం చేసింది. అందులో ఒక షరతు మనకి బాగా పనికొస్తుంది. అతిథులను పెట్టుకునే రైతుకి సేద్యమే ముఖ్యవృత్తిగా ఉండాలి, అతిథుల రాబడి దానికి తోడుగా మాత్రమే ఉండాలి. మన పొరుగున లంబసింగిలో రైతులు స్ట్రాబెర్రీ వేసి చలికాలంలో వచ్చేవాళ్ళకి చేను గట్టు మీదే అమ్ముతున్నారు. అక్కడా ఆదాయానికి మూలం పంటే.

పిట్టలు పోతే జనమూ పోతారు

తేలినీలాపురం, తేలుకుంచి రైతులకి ఈ మాట తెలుసు. పిట్టలు రావడం ఊరికి శుభమని పెద్దలు నమ్మారు, అందుకే కాపాడుకున్నారు. దాంట్లో సేద్యపు లాభం కూడా ఉంది. తేలుకుంచికి వచ్చే నత్తగొట్టు కొంగ వరిమళ్ళలో నత్తలను ఏరి తింటుంది. చెట్ల మీద వాలే పక్షుల రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయి. అది కలిసిన చెరువు నీరు పొలానికి సత్తువ.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది చెబుతారు. తేలినీలాపురం గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, తేలుకుంచి నత్తగొట్టు కొంగలు నిజానికి మన దేశం, చుట్టుపక్కల దేశాల పక్షులే. నీళ్ళూ, మేతా ఉన్న చోటు వెతుక్కుంటూ వస్తాయి. అంటే మన తంపర భూములు, నౌపడ వైపు చిత్తడి నేలలు ఎండినా, చెరువుల్లో విషపు మందులు కలిసినా అవి రావు. 2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. వాటి కడుపులో పురుగులు కారణమని తేలింది. అవి తినే చేపల ద్వారా ఆ పురుగులు సోకుతాయి. కాబట్టి చెరువు శుభ్రం మన ఆరోగ్యానికే కాదు, ఊరి రాబడికీ అవసరం.

ఇక్కడ ఒక న్యాయం కూడా ఆలోచించాలి. పక్షులు గూళ్ళు పెట్టే చింతచెట్లు ఎవరో ఒక రైతువి. రెట్టలకి ఆకు తెల్లబడి, కొమ్మలు ఎండి, చింతపండు తగ్గుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళ వల్ల రాబడి బడ్డీ పెట్టినవాడికి, నష్టం చెట్టున్నవాడికి అయితే ఎన్నాళ్ళు చెట్టు నిలుస్తుంది? బండ్లు పెట్టుకునే రుసుములో కొంత చెట్ల యజమానులకి ఇచ్చేలా గ్రామసభలో తీర్మానం చేయండి. చెట్టు బతికితేనే పిట్ట, పిట్ట ఉంటేనే జనం.

చూడవచ్చినవాళ్ళు గూళ్ళ కిందకి పోకుండా తాడు కట్టండి. టపాసులు, మైకులు, డ్రోన్లు వద్దని ఊరి మొదట్లోనే బోర్డు రాయండి. బెదిరిన పక్షి లేస్తే గుడ్లు, పిల్లలు ఎండకీ కాకులకీ బలి అవుతాయి.

బారువ, కళింగపట్నం వైపు తీర గ్రామాల వాళ్ళకి తాబేళ్ళ సంగతి. జనవరి నుంచి మార్చి దాకా సముద్రపు తాబేళ్ళు రాత్రిపూట ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద దాకా ఉంటాయి, సుమారు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. పిల్ల తాబేలు వెలుగు కనిపించిన వైపు పాకుతుంది. సముద్రం మీద వెలుగు బదులు మన బడ్డీ ట్యూబ్‌లైటు కనిపిస్తే ఊళ్ళోకి పాకి చచ్చిపోతుంది. ఆ నెలల్లో తీరం వైపు దీపాలు ఆర్పేయండి, లేదా మూత పెట్టి కిందికి తిప్పండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం తాబేలునీ, దాని గుడ్లనీ ముట్టడం నేరం. శ్రీకూర్మం గుడిలో కనిపించే నక్షత్ర తాబేళ్ళదీ అదే చట్టం. పొలంలో దొరికినా అమ్మకూడదు, అటవీశాఖకి చెప్పాలి.

నీళ్ళ దగ్గర జాగ్రత్త

కనుమనాడు, సెలవురోజుల్లో నదిలో, సముద్రంలో మునిగిపోయినవారి వార్తలు ఏటా చదువుతున్నాం. వాళ్ళకి మన నీళ్ళు తెలియవు, మనకి తెలుసు. నది సముద్రంలో కలిసే చోట పైకి ప్రశాంతంగా ఉన్నా అడుగున లాగుడు ఉంటుంది. ఎక్కడ దిగకూడదో ఊళ్ళో జాలరులను అడిగి ఎర్రజెండా కర్రలు పాతండి. ఓ పొడవాటి తాడు, గాలి నింపిన లారీ ట్యూబు రెండు బడ్డీ దగ్గరే ఉంచండి. నేలబావికి గట్టు, మోటారు తీగకి తొడుగు ఉందో లేదో చూసుకోండి.

పది రూపాయలు వస్తాయని నాటు పడవలో మనుషుల్ని ఎక్కించి తిప్పకండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి సుమారు 50 మంది చనిపోయారు. అనుమతి, ప్రతి మనిషికీ లైఫ్‌జాకెట్టు లేని పడవ నడపడం నేరమే కాదు, జరగరానిది జరిగితే ఊరి పేరు ఏళ్ళతరబడి పోతుంది. తాటిపూడి నీరు విశాఖపట్నానికి తాగునీరు కూడా. అక్కడ గట్టు మీద వంటలు, చెత్త అసలు పనికిరావు.

భూమి కాగితాలు భద్రం

అన్నిటికంటె పెద్ద ప్రమాదం ఇది. ఊరికి పేరొచ్చిన మర్నాడే దళారి వస్తాడు. భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగినప్పటికే ఆ చుట్టుపక్కల భూముల బేరాలు ఎలా నడిచాయో మీరు విన్నదే. తీరం వెంట ఎకరం అమ్ముకున్న రైతు, రేపు అదే నేల మీద కట్టిన రిసార్టులో కాపలా కూలీగా చేరితే దాన్ని అభివృద్ధి అనలేం.

అవసరం ఉండి ఎవరికైనా జాగా ఇవ్వాలంటే కౌలుకి ఇవ్వండి, అమ్మకండి. ఏడాదికి మించిన కౌలు ఒప్పందం రిజిస్టరు కావాలని 1908 రిజిస్ట్రేషను చట్టం చెబుతోంది. నోటిమాట నమ్మకండి. "కౌలు కాగితమే" అని చెప్పి అమ్మకం అగ్రిమెంటు మీద, జనరల్ పవరు మీద సంతకం పెట్టించుకున్న సందర్భాలు కొల్లలు. చదివించుకోకుండా వేలిముద్ర వేయకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పేదలకి ఉచిత సలహా దొరుకుతుంది.

డి-పట్టా భూములకి 1977 నాటి చట్టం వర్తిస్తుంది. 2023లో దానికి సవరణ వచ్చింది. మీ పట్టాకి ఏది వర్తిస్తుందో తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోకుండా ఏ కాగితమూ ఇవ్వకండి. ఏజెన్సీ గ్రామాల్లో 1970 నాటి ఒకటవ నిబంధన, అంటే అందరూ అనే 1/70, గిరిజనేతరులకి భూమి బదిలీ కాకుండా అడ్డుకుంటుంది. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు తీర నియంత్రణ నిబంధనలు ఉంటాయి. అక్కడ పక్కా కట్టడానికి ముందు అనుమతి అడగాలి. కొబ్బరాకు పాక వేసినా పంచాయతీకి చెప్పే వేయండి.

ఎంత ఆశించాలి?

నిజం చెప్పాలంటే, దీంతో రాత్రికి రాత్రి ధనవంతులైపోరు. వానొస్తే జనం రారు, తుపాను హెచ్చరిక వస్తే సీజనే పోతుంది. కరోనా వచ్చిన 2020లో గుళ్ళే మూతపడ్డాయి. అందుకే పంట మానేసి దీన్నే నమ్ముకోవద్దని పదే పదే చెబుతున్నాం. పొలం తిండి పెడుతుంది, చూడవచ్చేవాళ్ళు ఉప్పూ పప్పూ ఖర్చు పెడతారు. ఆ మాత్రం వచ్చినా దళారి దగ్గర చేబదులు తప్పుతుంది, పంట కోయగానే ధరలేనప్పుడు అమ్ముకునే తొందర తగ్గుతుంది. సన్నకారు రైతుకి అది చిన్న మేలేమీ కాదు.

ఒక్క ఇల్లు చేస్తే బడ్డీ అవుతుంది, ఊరంతా కలిస్తే పేరవుతుంది. పొందూరు అనగానే సన్నఖద్దరు, వాలుగ చేప దవడతో పత్తి దువ్వే ఆడవాళ్ళ చేతులు గుర్తొస్తాయి. బుడితి అంటే ఇత్తడి సామాను. బొబ్బిలి అంటే ఒకే పనస దుంగలో తొలిచిన వీణ. ఆ పేర్లు ఒక్క మనిషివి కావు, ఊళ్ళవి. పనస దుంగకి అంత గిరాకీ ఉన్నప్పుడు గట్టు మీద రెండు పనస మొక్కలు పెట్టడం కూడా రేపటికి పెట్టుబడే.

ఈ వారంలోనే నాలుగు పనులు మొదలుపెట్టండి. ఒకటి, మీ ఊరికి జనం వచ్చే రోజులు క్యాలెండరులో గుర్తు పెట్టండి. రెండు, ఆ రోజుకి మీ ఇంట్లో ఏ సరుకు చేతికి అందుతుందో రాసుకోండి. మూడు, మహిళా సంఘంతో కూర్చుని బడ్డీ ఎక్కడ, చెత్త గొయ్యి ఎక్కడ, బండ్లు ఎక్కడ అని తేల్చుకోండి. నాలుగు, పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్, ఒన్‌-బి నకళ్ళు సరిచూసి పెట్టెలో భద్రం చేయండి. పంటల సలహాకి ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, చోడి విత్తనానికి విజయనగరం పరిశోధనా స్థానం ఉన్నాయి. అడిగితే చెబుతారు. అడగడమే మన వంతు.